పొద్దున పూసే పువ్వు

పిల్లలు బస్సెక్కే ముందు ఇల్లు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. టై కనపడదు, వాటర్ బాటిల్ నిండదు, జడ ఒక పట్టాన కుదరదు. ఆ హడావుడిలో మా అమ్మాయికి ఏం దక్కకుండా పోతోందో ఒక కుండీ మొక్క వల్ల నాకు తెలిసొచ్చింది.

తిరుపతిలో మేం ఈ ఇంటికి మారినప్పుడు పక్కింటి అక్క నాలుగు ఊదారంగు కొమ్మలు విరిచి ఇచ్చింది. నర్సరీల్లో పర్పుల్ హార్ట్ అంటారు. స్పైడర్‌వర్ట్ జాతి మొక్క, పుట్టిల్లు మెక్సికో.

పెంచడం తేలిక. జానెడు కొమ్మను కణుపు కింద కత్తిరించి, కింది ఆకులు తీసేసి, ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన కుండీలో గుచ్చితే రెండు మూడు వారాల్లో నిలదొక్కుకుంటుంది. వెలుతురు చాలకపోతే ఊదారంగు తగ్గి ఆకు పచ్చబారుతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం మధ్యాహ్నం నీడ కావాలి. పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి. నవంబరు వానల్లో మా కుండీ ఒకటి అడుగు రంధ్రం మూసుకుపోయి కుళ్లిపోయింది. దీని రసం కొందరికి దురద పెడుతుంది, అందుకే కత్తిరించాక చేతులు కడుక్కోవాలి.

నీళ్లు పోసే పని ఏడో తరగతి చదివే మా అమ్మాయిది. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక పోసేది. ఒకరోజు, "అమ్మా, ఇది అసలు పూయదా?" అంది. నాకు నవ్వొచ్చింది. మేడ మీద బట్టలు ఆరేస్తూ నేను రోజూ చూస్తున్నవే ఆ పూలు. మూడు రేకులు, లేత గులాబి రంగు. పొద్దున విచ్చుకుని, మధ్యాహ్నం దాటితే ముడుచుకుపోతాయి. ఒక్కో పువ్వు ఉండేది ఒక్క పూటే. అదే చెప్పాను.

"అయితే నేను లేనప్పుడే పూస్తుందన్నమాట" అని మగ్గు పక్కన పెట్టి కిందికి వెళ్లిపోయింది.

నిజానికి బస్సు వచ్చే వేళకే మొగ్గలు విచ్చుకుంటాయి. 'టైమవుతోంది' అంటూ గేటు వైపు తరిమింది నేనే.

పలమనేరు వైపు మా ఊళ్లో, శెనక్కాయ చేలో అవ్వతో కలుపు తీస్తూ నీలిరంగు వెన్నదేవి పూలు ఎన్ని చూశానో! ఈ మొక్కకు అది దగ్గరి చుట్టం. ఆ పూలూ పొద్దున్నే పూస్తాయి. వాటిని చూడటానికి ప్రత్యేకంగా తీరిక చేసుకోవాలని అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు మేం పదిహేను నిమిషాలు ముందు లేస్తున్నాం. ఇడ్లీ ప్లేటు మేడ మీదికే వెళ్తుంది. అమ్మాయి రోజూ పూలు లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాస్తుంది. యూనిట్ టెస్టు రోజున తొమ్మిది. తెల్లారిందని మొగ్గకు ఎలా తెలుస్తుందని అడిగింది. నాకు తెలియదన్నాను. సైన్స్ టీచరును అడుగుతానంది.

ఈ జాతిలోనే రియో అనే మొక్క ఉంది. దాని ఆకు పొరను ఉప్పునీళ్లలో ఉంచి, కణంలోని ఊదారంగు ముడుచుకోవడం పదకొండో తరగతి పిల్లలు మైక్రోస్కోపులో చూస్తారు. ఆ పాఠానికి మా అమ్మాయికి ఇంకా నాలుగేళ్లుంది. ఈలోపు పువ్వును చూడనిద్దాం.

మీకూ కావాలంటే డబ్బు పెట్టి కొనకండి. మీ వీధిలో ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది. ఒక కొమ్మ అడగండి, కాదనరు.