ఆరో తరగతి గడప దగ్గర

సీతంపేట మండలంలోని బడులను పోల్చవలసి వచ్చినప్పుడల్లా అధికారులూ, పత్రికలవారూ, చివరకు తల్లిదండ్రులూ చూసేవి మూడే: భవనం, భోజనం, పదో తరగతి ఫలితం. మూడూ ముఖ్యమే, కాదనను. కాని ఐదు దాటి ఆరులో అడుగుపెట్టిన పిల్లవాడు తొలి ఆరు నెలల్లో ఏమవుతున్నాడన్నది ఈ మూడింటిలో ఎక్కడా కనబడదు. తెలుగు పండితుడిగా ఉద్యోగకాలమంతా ఆ గడప దగ్గరే నిలబడినవాణ్ణి గనుక నా కొలబద్ద కొంచెం వేరు.

2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి, ఆపైన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన మండలం ఇది. సవరలు, జాతాపులు ఇక్కడి ప్రధాన గిరిజనులు. జాతాపుల ఇళ్లలో తెలుగు చాలాకాలంగా పాతుకుపోయింది. సవరల సంగతి అలా కాదు. వారి భాష మన ద్రావిడ కుటుంబానికి చెందినదే కాదు; ముండా శాఖలోనిది. తెలుగుకు తమిళం ఎంత దగ్గరో, సవర అంత దూరం. మన వత్తక్షరాల ధ్వనులు వారికి లేవు. గొంతు చటుక్కున బిగబట్టి పలికే వారి ధ్వనికి మన వర్ణమాలలో అక్షరం లేదు. ఖకారం పలకలేదని పిల్లవాణ్ణి నిలబెట్టే ముందు ఈ రెండో సంగతి కూడా గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఇంతకన్నా విచిత్రమైనది లెక్క. మనం పది దాటగానే మళ్లీ మొదలుపెడతాం: పదమూడంటే పదీ మూడూ. సవరలో పన్నెండు దాకా ఎవరి పేరు వారిదే. పదమూడంటే పన్నెండూ ఒకటి, పంతొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఆ తరువాత ఇరవైల లెక్క. ముప్పైమూడు అనాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. తొంభైమూడంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి! ఇంత కూడిక నోటిమీద చేసి సంతలో అనాసపళ్లు అమ్మి వచ్చే అవ్వకు మనవడైన పిల్లవాడు, బడిలో దశాంశ స్థానాల దగ్గర తడబడితే 'లెక్కల్లో మొద్దు' అని రాసేస్తాం. లెక్క రాక కాదు, వాడి తలలో ఇంకొక లెక్క ఉంది.

ఇక బడులు. ప్రవేశపరీక్ష పెట్టి ఆరో తరగతిలో చేర్చుకునే ఏకలవ్య పాఠశాలలను ఈ పోలికలోకి తేవడమే తగదని నా అభిప్రాయం. ఆ పరీక్ష గట్టెక్కినవాడు భాషా గడపను అప్పటికే దాటినవాడు. వడగట్టిన బియ్యంలో రాళ్లు లేవని గొప్ప చెప్పుకుంటే ఎలా? కస్తూర్బా విద్యాలయాలు బడి మానేసిన ఆడపిల్లలను వెతికి తెచ్చుకోవడానికి పుట్టినవి. వాటి మంచిచెడ్డలు వేరే చెప్పుకోవాలి.

నిజంగా పోల్చవలసినవి రెండు: మండల పరిషత్తు ప్రాథమికోన్నత పాఠశాల, గిరిజన సంక్షేమశాఖ ఆశ్రమ పాఠశాల. మొదటిదానిలో పిల్లవాడు సాయంత్రానికి ఇల్లు చేరతాడు. అవ్వ మాట, పోడు పని, కందికొత్తల పండగ, ఏదీ వాణ్ణి విడిచిపోదు. కాని కొండమీది గూడెం నుంచి దిగి రావాలి. వాన పడితే గెడ్డ పొంగుతుంది, హాజరు పట్టీలో సున్నాలు వరుస కడతాయి. ఉపాధ్యాయులూ తక్కువే, ఒకే పంతులు మూడు విషయాలు చెప్పిన సంవత్సరాలు చూశాను.

ఆశ్రమ పాఠశాలలో అన్నం, పక్క, పుస్తకం ఒకచోటే దొరుకుతాయి. పిల్లవాడు ఇంటిమీద బెంగతో చిక్కిపోతాడన్నదీ నిజమే. అయినా అక్కడ నేను గమనించిన మేలు ఒకటి ఏ తనిఖీ నివేదికలోనూ చూడలేదు. సవర తెలిసిన వంటమనిషి, పై తరగతి అన్నలు. పగలు తరగతిలో నేను చెప్పినది రాత్రి బువ్వ దగ్గర వారి భాషలోకి మారేది. ఒక ఆశ్రమ పాఠశాలలో, సంధి సూత్రం కంటె ముందు 'సంధి' అనే మాటకు అర్థం వంటమనిషి దగ్గర తెలుసుకుని వచ్చిన పిల్లను చూశాను. అటువంటి వంటమనిషి ఉన్న ఆశ్రమానికీ లేని ఆశ్రమానికీ ఉన్న తేడా, ఆశ్రమానికీ మామూలు బడికీ ఉన్న తేడా కంటె పెద్దది.

ఇదంతా కొత్తగా కనిపెట్టినది కాదు. గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చి, ఆ భాషలో వాచకాలు రాసి, 1931లో వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషాదినంగా జరుపుకుంటున్నాం. మా పండితవర్గం ఆయన పటానికి దండవేసి, ఆయన వద్దన్న శైలిలోనే ఉపన్యసిస్తుంది (ఈ వ్యాసమూ అందుకు సాక్షి). సవర సంగతి మాత్రం ఒక వాక్యంలో ముగుస్తుంది.

2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషలలో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. సవర అందులో ఒకటి. మంచి పని. అయితే అవి చిన్న తరగతులకే. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ చేయూత ఉండదు, పాఠం మాత్రం ఒక్కసారిగా పద్యమూ సమాసమూ అవుతుంది. షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి మూడో నంబరు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. న్యాయచర్చ నా పరిధి కాదు. పిల్లవాడి భాష తెలిసిన పంతులు దొరికే దారి ఒకటి ఇరుకైందని మాత్రం చెప్పగలను.

ఇటువైపు కొత్తగా వచ్చే ఉపాధ్యాయులు కలిస్తే, అడిగినా అడగకపోయినా ఒక కాగితం చేతిలో పెడుతూంటాను. ఒకటి నుంచి ముప్పైమూడు దాకా సవర అంకెలు, తెలుగు లిపిలో. పన్నెండు దగ్గరా ఇరవై దగ్గరా ఎర్రసిరాతో గీత గీసి ఉంటుంది.