భువనగిరి బండ

సికిందరాబాదు నుంచి కాజీపేట వైపు పోయే రైలులో కూర్చుంటే, సుమారు గంట ప్రయాణం కాగానే కిటికీలోంచి ఒక వింత కనిపిస్తుంది. ఊరి నెత్తిన ఒకే ఒక బండ. ఎవరో రాక్షసుడు పెద్ద గుడ్డును అక్కడ పెట్టి మరచిపోయినట్లుంటుంది. అదే భువనగిరి, చాలామంది నోట ఇప్పటికీ భోన్‌గీర్.

కళ్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు (1076–1126) ఇక్కడ కోట కట్టించాడంటారు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. ఆ బిరుదు మీద త్రిభువనగిరి అయి, అదే వాడుకలో అరిగి భువనగిరిగా నిలిచింది.

బండ ఎత్తు 500 అడుగుల పైమాటే. కింద మెట్లు బాగానే ఉన్నాయి. పైకి పోయిన కొద్దీ మెట్లనేవి రాతిలో ఉలితో చేసిన గాట్లే. ఎండెక్కితే రాయి పెనంలా కాలుతుంది. పిల్లలతో వెళ్ళేవారు తెల్లవారగానే బయలుదేరండి, మంచినీళ్ళు మరవకండి. పైన వాననీటి గుంటలున్నాయి గాని అవి చూడడానికే.

1708లో సర్వాయి పాపన్న ఓరుగల్లును దోచి, తరువాత ఈ ఊరి మీద పడ్డాడు. కల్లుగీత కులంలో పుట్టి మొగలాయి సుబేదార్లకు నిద్రలేకుండా చేసి, 1710లో తల పోగొట్టుకున్నాడు. నాటి పారశీక చరిత్రకారులు బందిపోటన్నారు, పల్లె పాటకాండ్రు వీరుడన్నారు. ఆ పంచాయతీ మనకెందుకు? పైనుంచి చూస్తే చుట్టూ తాళ్ళు కనిపిస్తాయి. నడుముకు మోకు బిగించి రోజూ ప్రాణాన్ని చెట్టుకు వేలాడగట్టేవాడికి కోటగోడ అంత భయంకరంగా తోచదేమో అనిపించింది నాకు.

ఇక ఇటీవలి కథ. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకునేది. ఆ పిల్ల మొదట కొండెక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదనే, 2013లో. ఇక్కడినుంచి డార్జిలింగు, అక్కడినుంచి లడఖు మంచు. 2014 ఏప్రిల్‌లో నేపాల్ వైపు ఎవరెస్టు మీద మంచుపెళ్ళలు విరిగిపడి 16 మంది కొండ పనివాళ్ళు చనిపోయారు. టిబెట్టు వైపునుంచి ఎక్కుతున్న పూర్ణా, ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమారూ వెనక్కు రాలేదు. మే 25న ఇద్దరూ 29,000 అడుగులు దాటిన ఆ శిఖరం మీద నిలబడ్డారు. ఆమెకు అప్పటికి ఇంకా 14 ఏళ్ళు నిండలేదు. ఆ పిల్లను పంపిన తల్లికి ఆ వారాలు ఎలా గడిచాయో ఏ పత్రికా సరిగా రాయలేదు.

మేము వెళ్ళిన రోజున బండ పక్క ఏటవాలులో కొందరు పిల్లలకు పాఠం జరుగుతున్నది. రెండు చేతులు, రెండు కాళ్ళు, ఈ నాలుగింటిలో మూడు ఎప్పుడూ రాతిని వదలకూడదట, ఒక్కటే కదలాలి. ఎక్కడం పిల్లలకు ఆటే. దిగడం వద్దనే చిక్కంతా. తాడు పట్టుకుని, వీపు లోయకు పెట్టి, వెనక్కు వాలాలి. భయపడి రాయిని కౌగిలించుకుంటే కాళ్ళు జారతాయి. గాలిలోకి వాలితేనే పాదం రాతికి నిలబడుతుంది. మనసు ఏది వద్దంటుందో అదే చెయ్యాలి.

పన్నెండేళ్ళ పిల్ల ఒకతె అంచున నిలబడి పది నిమిషాలు కదల్లేదు. ఉపాధ్యాయుడు తొందర పెట్టలేదు. కింద ఆమె తల్లి కొంగు నోట కుక్కుకుని కూర్చుంది. "వచ్చెయ్యవే, ఇక చాలు" అని ఒకసారి అరిచింది కూడా. పిల్ల కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, వెనక్కు వాలింది. మోకాళ్ళు వణుకుతూనే ఉన్నాయి, అడుగులు మాత్రం పడుతున్నాయి.

కిందికి రాగానే, "అమ్మా, మళ్ళీ ఎక్కుతా" అన్నది.

తల్లి మందలిస్తుందనుకున్నాను. ఆవిడ లేచి, చీర కొనేటప్పుడు నేత చూసినట్లు ఆ తాడును రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఉపాధ్యాయుణ్ణి అడిగింది:

"బాబూ, ఈ తాడు ఎన్నాళ్ళకొకసారి మారుస్తారు?"