సహరీ వేళ ఆకాశంలో

2026 రంజాన్ తొలి వారం. సహరీకి విద్యార్థులను లేపుతుండగా ఒక పడక ఖాళీగా కనిపించింది. చందానగర్‌లోని మా మదర్సా మేడ మీదికి వెళ్లి చూశాము. పన్నెండేళ్ల బాలుడొకడు ఎవరినో అడిగి తెచ్చుకున్న బైనాక్యులర్‌ను పిట్టగోడపై ఆనించి దక్షిణం వైపు చూస్తున్నాడు. "ఇబాదత్ వేళ ఈ ఆటలేమిటి?" అని గద్దించాము. "హజ్రత్, ఒక్కసారి మీరూ చూడండి" అన్నాడు. మేము చూడలేదు. బైనాక్యులర్ లాక్కుని కిందికి దిగాము.

ఆ ఉదయమే పాఠంలో ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన హదీసు వచ్చింది. దైవప్రవక్త (స) రాత్రి చివరి భాగంలో మేల్కొని, ఆకాశం వైపు చూసి, ఆలి ఇమ్రాన్ సూరా చివరి ఆయతులు పఠించారు. ఏళ్ల తరబడి బోధిస్తున్న హదీసే. అయినా ఆ చూపు ప్రస్తావన దగ్గర మా గొంతు ఆగింది. ఎందరికో దాన్ని వివరించాము. మేము స్వయంగా తలెత్తి చూసిన రాత్రులు ఎన్ని?

మర్నాడు నాలుగు గంటలకు ముందే బాలుణ్ణి లేపి మేడపైకి వెళ్లాము. దక్షిణాన గచ్చిబౌలి దీపాల కాంతి ఆకాశాన్ని తెల్లబరిచింది. చేయి చాచి పిడికిలితో కొలిస్తే దిగంతానికి రెండున్నర పిడికిళ్ల ఎత్తున, ఉత్త కంటికి ఏమీ లేదు. బైనాక్యులర్‌లో మాత్రం చిన్న దూదిపింజ వంటి మచ్చ కనిపించింది.

అది ఒమేగా సెంటారీ అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం. సుమారు కోటి నక్షత్రాలు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ బంతిలా కూడి ఉన్నాయి. టాలమీ దాన్ని ఒకే నక్షత్రంగా లెక్కించాడు. ఆ రాత్రి మా కంటిని తాకిన వెలుగు అక్కడి నుంచి బయలుదేరి దాదాపు 17 వేల సంవత్సరాలైంది.

ఈ చూపు మన నగరానికి కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో 15 అంగుళాల దూరదర్శినితో వేధశాల నెలకొల్పారు. తరువాత బేగంపేటకు మారిన ఆ నిజామియా వేధశాల లక్షల నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. ఆ వారసత్వం ఉన్న ఊళ్లో ఒక బాలుడి చేతిలోంచి బైనాక్యులర్ లాక్కున్నాము.

బాలుణ్ణి గద్దించింది ఏకాంతంలోనే అయినా, క్షమాపణ మాత్రం తరగతి అందరి ముందు కోరాము. మే నెల మధ్యలో ఇషా నమాజు తరువాత, రాత్రి పది గంటల ప్రాంతంలో ఆ గుచ్ఛం మళ్లీ దక్షిణాన అదే ఎత్తులో ఉంటుంది. పాఠకులు తమ పిల్లలను వెంటబెట్టుకుని మేడ ఎక్కాలని మా విన్నపం. పిల్లలే ముందుగా పిలిస్తే, దయచేసి వెళ్లండి.