తగినంత

మన వంటల పుస్తకాలలో ఏ పుట తిప్పినా కనబడే మాట ఒకటి ఉన్నది: ఉప్పు తగినంత. కందిపప్పు పావుకిలో, చింతపండు నిమ్మకాయంత, నూనె నాలుగు గరిటెలు అని లెక్క చెప్పుకొంటూ వచ్చిన రచయిత్రి సైతం ఉప్పు దగ్గరకు వచ్చేసరికి తప్పుకొంటుంది. ఎంత వేస్తే తగినంత అవుతుందో తెలిసినవారికి ఆ పుస్తకంతో పనిలేదు. తెలియనివారికి ఆ మాటతో ప్రయోజనం లేదు. ఈ చిక్కు మన ఒక్కరిదే అనుకొనేదాన్ని. సియోల్ నగరంలో, పన్నెండో అంతస్తులో, ఒక వృద్ధురాలి వంటింట్లో కాగితమూ కలమూ పట్టుకొని నిలబడిన నాడు అదే మాట కొరియా భాషలో విన్నాను. ‘జొక్‌తాంగీ’ అన్నదామె. ఇంటికి వచ్చి నిఘంటువు తీసి చూసుకొన్నాను. తగినంత.

మావారి ఉద్యోగరీత్యా 2011 మే నెల నుంచి మూడేళ్ళపాటు మేము ఆ నగరంలో ఉన్నాము. ఎదురింటి ముసలమ్మను ఆ అంతస్తులోని పిల్లలందరిలాగే నేనూ ‘హల్మొని’ అనేదాన్ని. అమ్మమ్మకూ నాయనమ్మకూ వారి వాడుకలో అదే పిలుపు. ఆమె నన్ను ‘ఏగి ఒమ్మా’ అనేది, అంటే పిల్లవాడి తల్లీ అని. దేశానికి నైరుతి మూలనున్న చొల్లా సీమలో పల్లెటూరు విడిచి కొడుకు దగ్గరకు వచ్చేటప్పుడు ఆమె వెంట తెచ్చుకొన్న ఆస్తి ఐదు జాడీలు. వాటిని ‘ఒంగి’ అంటారు. మన ఊరగాయ జాడీలవలె పింగాణీవి కావు; మెరుగు పూసి కాల్చిన ముదురు గోధుమరంగు మట్టిపాత్రలు. వాటి గోడలలో కంటికి ఆనని సన్నని రంధ్రాలుంటాయి. నీరు కారదు గాని గాలి ఆడుతుంది. పల్లెలోనైతే ఎండ తగిలేచోట ఎత్తైన అరుగు కట్టి వాటిని వరుసగా నిలుపుతారు. ఇక్కడ ఆ అరుగుకు మారు అద్దాలు బిగించిన వసారా. ఎండ వచ్చిన ఉదయం మూతలు తీయడం, పొద్దు వాలకముందే మూయడం ఆమెకు సంధ్యావందనం వంటివి.

నా మొదటి పాఠం ఆ నవంబరు చివర మొదలైంది. చలికాలమంతటికీ సరిపడే కిమ్‌చీని ఇంటిల్లిపాదీ చేరి ఒకేసారి పెట్టుకొనడాన్ని ‘కిమ్‌జాంగ్’ అంటారు. మనకు ఆవకాయ రోజులెట్లాంటివో వారికవి అట్లాంటివి. ఋతువు మాత్రం తలక్రిందులు: మనది మండుటెండల పని, వారిది మంచు పడబోయే ముందరి పని. హల్మొని పొడుగాటి చైనా క్యాబేజీలు ఇరవై తెప్పించింది. కత్తిని అడుగున మాత్రమే దించి తక్కినది చేతులతో చీల్చింది. చివరికంటా కోస్తే లోపలి లేత ఆకులు తుంపులై రాలిపోతాయట. చీల్చినవాటిని ఉప్పునీట ముంచి, తెల్లని మందపు కాడల మధ్య కల్లుప్పు చల్లి రాత్రంతా ఉంచింది. ఆకుకు ఉప్పు తానే పడుతుంది. కాడకు మనం పట్టించాలి. తెల్లవారి ఒక కాడను వంచి చూపింది. విరగకుండా వంగితే చాలినట్టు. ఆ ఉప్పైనా నిన్న మొన్న కొన్నది కాదు. సముద్రపు ఉప్పు బస్తాను ఎత్తుమీద పెట్టి మూడేళ్ళు వదిలివేస్తే అందులోని చేదునీరు బొట్టుబొట్టుగా దిగిపోతుంది. మా అమ్మ ఆవకాయకు ముందు కల్లుప్పును ఎండబోసి దంచేది. అందుకు కారణం ఏనాడూ అడగలేదు.

కడిగి నీరు ఓడ్చిన క్యాబేజీకి పూయవలసిన ముద్దలో పలుచని బియ్యప్పిండి జావ, మిరప, అల్లం, సన్నగా తరిగిన ముల్లంగి, ఉల్లికాడలు, వెల్లుల్లి ఉంటాయి. మా పుట్టింట వెల్లుల్లి నిషిద్ధం. ఆ ఒక్క పూట నేను ఒలిచిన వెల్లుల్లిని మా అమ్మమ్మ జన్మలో చూసి ఉండదు. ఉప్పులో ఊరిన చిట్టిరొయ్యలు కూడా పడతాయి గాని, మేము శాకాహారులమని తెలిసి హల్మొని నాలుగు క్యాబేజీలు వేరుగా తీసి, రొయ్యలకు మారుగా పాత సోయా రసమూ, సముద్రపు నాచు కాచిన నీరూ పోసింది. ఆకు ఆకుకూ మధ్య ముద్ద పూసి, చివరి పెద్ద ఆకును చుట్టూ తిప్పి మూటవలె కట్టి, గాలి నిలవకుండా అదిమి పెట్టాలి. ఒకటి రెండు రోజులు గదిలో ఉంచితే పులుపు మొదలవుతుంది. ఆ తరువాత చల్లదనమే కాపాడాలి. అందుకే పూర్వం జాడీలను మెడదాకా భూమిలో పాతేవారు.

రెండు నెలలకు నేను స్వతంత్రించి ఒక క్యాబేజీ పెట్టాను, అమ్మ గుంటూరు నుంచి పంపిన కారంతో. వారి కారం పొడి కాదు, రవ్వ. గింజలు తీసి బరకగా విసిరిన ఎండుమిరప. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, వెనక ఒకింత తీపి. దోసెడు వేసినా నాలుక ఓర్చుకొంటుంది. నేను దోసెడు గుంటూరు కారం వేశాను. హల్మొని ఒక తునక నోట పెట్టుకొని, మర్యాద తప్పకుండా ఒక్క మాటైనా అనక, అన్నం గిన్నెను దగ్గరకు లాక్కొన్నది.

కొరియా అనగానే ఎర్రని కిమ్‌చీ తలపుకు వస్తుంది గాని ఆ ఎరుపు వారికీ కొత్తదే. 1592లో మొదలైన జపాను దండయాత్ర ప్రాంతంలో మిరప అక్కడికి చేరిందని ఎక్కువమంది చెబుతారు. 1614 నాటి ‘జీబొంగ్ యుసొల్’ అనే గ్రంథం దానిని ‘జపాను ఆవాలు’ అన్నది. 1670 ప్రాంతంలో చాంగ్ గ్యే-హ్యాంగ్ అనే ఇల్లాలు తమ లిపిలోనే రాసిన ‘ఉమ్‌సిక్ దిమిబంగ్’ వంటల పుస్తకంలో మిరప ప్రసక్తే లేదు. 1766 నాటి మరొక గ్రంథానికి వచ్చేసరికి కూరగాయల ఊరగాయలో మిరప పడింది. మనకూ పోర్చుగీసువారి ఓడలతో వచ్చిన కాయే అది; మిరియపు పేరునే కొత్తకాయకు తగిలించి మనదనిపించుకొన్నాము. వారు దానిని ఆవాలన్నారు, మనం ఆవపిండిలో కలుపుకొన్నాము. సభలలో ఇరుదేశాల బంధుత్వం మాట వచ్చినప్పుడల్లా అయుత దేశపు రాకుమారి ఓడనెక్కి వెళ్ళి కొరియా రాజును పెళ్ళాడిన గాథను వల్లిస్తారు. అది పదమూడవ శతాబ్దపు ‘సంగుక్ యుసా’లో ఉన్న మాట నిజమే, ఆ అయుత మన అయోధ్యేనా అన్నది పండితుల తగవు. నాకైతే ఆ బంధుత్వం మిరపకాయలో కనబడినంత స్పష్టంగా రాకుమారిలో కనబడలేదు.

ఇంగువలో ఇంకా స్పష్టంగా కనబడింది. 2012లో బుద్ధజయంతికి హల్మొని నన్ను బౌద్ధాలయానికి తీసుకువెళ్ళింది. అక్కడి వంటశాలలో మాంసంతోపాటు ఘాటైన ఐదు వస్తువులు వర్జ్యం. వంట చూసే సన్న్యాసిని వేళ్ళు మడుస్తూ చెప్పింది: వెల్లుల్లి, ఉల్లికాడ, ఉల్లిజాతివే మరి రెండు ఆకుకూరలు, ఐదవది ‘హుంగ్గొ’. ఆ ఐదవది తమ నేలలో పెరగదనీ, తానెన్నడూ చూడలేదనీ అన్నది. ‘హింగు’ అన్న సంస్కృతపదమే చీనా అక్షరాల గుండా ప్రయాణించి అట్లా మారింది. అప్పుడు నా సంతోషం చెప్పతరం కాదు. వెల్లుల్లి మానిన మా ఇంట దాని లోటు తీర్చేది ఇంగువ. వారు రెంటినీ ఒకే గాటన కట్టి, అందులో ఒకదాని ముఖమైనా చూడకుండా శతాబ్దాలుగా మానేస్తూ వచ్చారు! మరుసటి నెల డబ్బీ పట్టుకువెళ్ళి మూత తీసి చూపాను. ఆమె వాసన చూసి, ముక్కు చేతితో కప్పుకొని, నిషేధం సబబే అన్నట్టు తల ఊపింది.

నిత్యపు వంట సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది నిజంగా క్లుప్తమే. పాలకూరను మరిగే ఉప్పునీట అర నిమిషం ముంచి, చన్నీట వేసి, గట్టిగా పిండి, సోయా రసం, దంచిన వెల్లుల్లి, వేయించిన నువ్వులు, నువ్వులనూనె వేసి చేత్తో కలిపితే ‘నముల్’. గరిటె పనికిరాదు. ఆ మెత్తని కలుపుడుకు వారి భాషలో ‘చొముల్ చొముల్’ అనే ముచ్చటైన అనుకరణ శబ్దం ఉన్నది. నాచును నీరు మరగబోయే వేళకు తీసివేయాలి. ఉంచితే జిగురు దిగుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు మనం కుడితిలో పోస్తాము. వారు రెండవసారి కడిగిన నీటితో పులుసు చిక్కపరుస్తారు. ‘తుల్‌కే’ అని మరో గింజ నూనె వాడుతారు. పేరుకు అడవి నువ్వు, తీరా చూస్తే తులసి కుటుంబపు మొక్క. మన వెర్రినువ్వులు నువ్వులు కానట్టే ఇదీను.

వీటన్నిటికీ ప్రాణం ‘జాంగ్’. చలికాలపు మొదట్లో సోయా గింజలను గంటల తరబడి మెత్తగా ఉడికించి, దంచి, ఇటుకలుగా చరుస్తారు. వాటిని ‘మెజు’ అంటారు. పైన ఆరగానే వరిగడ్డితో కట్టి వెచ్చని గదిలో వేలాడదీస్తారు. గడ్డి కట్టడానికి మాత్రమే కాదు. గింజను పులియబెట్టే సూక్ష్మజీవులు ఆ గడ్డిలోనే కాపురముంటాయి. నలభై రోజులు గడిచేసరికి ఇటుకలు పగిలి, తెల్లబూజు పట్టి, ఇల్లంతా ఒక వాసన కమ్ముతుంది. దాన్ని సువాసన అనడం అతిథిధర్మానికి కూడా కష్టమే. మా అబ్బాయి స్నేహితులు హల్మొని తలుపు ముందు ఊపిరి బిగబట్టి పరుగెత్తేవారు.

చాంద్రమానపు తొలిమాసంలో, గుర్రపు దినమని వారి పంచాంగం చెప్పిన రోజున, ఆ ఇటుకలను కడిగి ఎండబెట్టి జాడీలోకి దింపింది. ఉప్పునీరు చాలినదీ లేనిదీ చెప్పేది కోడిగుడ్డు: తేలాలి, పైకి తేలిన భాగం నాణెమంత కనబడాలి. తరువాత మండిన బొగ్గు, ఎండుమిరపకాయలు, ఎండు రేగుపళ్ళు వేసి, జాడీ మెడకు గడ్డితాడు చుట్టి, మేజోడు ఆకారంలో కత్తిరించిన తెల్లకాగితాన్ని తలక్రిందులుగా అంటించింది. అది దిష్టికి. రెండు నెలలకు ద్రవాన్ని వేరుచేస్తే ‘కన్‌జాంగ్’, మిగిలిన ముద్ద ‘త్వెన్‌జాంగ్’. ఒకటి సోయా రసం, మరొకటి వారి పులుసులకు మూలద్రవ్యం. రెండూ అప్పుడే తినడానికి కాదు; జాడీలో ముదరాలి.

2012 నవంబరులో, రెండవ కిమ్‌జాంగ్‌కు వెల్లుల్లి ఒలుస్తూ ఉండగా గుంటూరు నుంచి ఫోను వచ్చింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది. పదిహేను రోజులకు తిరిగి వచ్చి తలుపు తీయగానే హల్మొని ఒక గిన్నె పట్టుకు వచ్చింది. తెల్లని బియ్యపు జావ, పక్కన చిన్న పళ్ళెంలో నాలుగు చుక్కల కన్‌జాంగ్. అంతకు ముందు నేను రుచి చూసినదానివలె లేదది. నలుపు, చిక్కదనం, ఉప్పు వెనక నింపాదిగా వచ్చే తీపి. మరునాడు ఐదో జాడీ మూత తీసి చూపింది. అన్నిటికన్నా చిన్నది. ‘సి-కన్‌జాంగ్’, అంటే విత్తనపు రసం. అత్తగారు ఇచ్చినది, ఆమెకు ఆమె అత్తగారు. ఏటేటా ఆవిరైన మేరకు కొత్తరసంలో మంచిది చూసి అందులో పోస్తారు. కొత్తజాడీలోకి దానినుంచి ఒక గరిటె వేస్తారు. అడుగున ఉప్పు పలుకులై పేరుకొని ఉన్నది.

మా ఫ్రిజ్‌లో అమ్మ ఆ వేసవిలో పంపిన ఆవకాయ సీసా ఒకటి ఉన్నది, మూత తీయనిది. కొలతలు చెప్పమని ఎన్నిసార్లు ఫోనులో అడిగినా, “ఉప్పు తగినంత వేయవే, నీకు తెలియదూ?” అనేది. తెలియదు. ఊరగాయకు విత్తనం ఉండదు, ఏ ఏటిది ఆ ఏడే. సంగతి విని హల్మొని తేలికగా అన్నది: “ఏగి ఒమ్మా, కొత్తది పెట్టి అందులో ఇది కలుపు.” మామిడికాయలు లేని ఊళ్ళో ఆ సలహాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి ఆమె వంటింట్లోకి నేను తూకపు యంత్రం పట్టుకువెళ్ళాను. ఆమె పిడికిలి ఉప్పులోకి వెళ్ళగానే ఆ పిడికిలిని ఆపి, తూచి, రాసుకొని వదిలేదాన్ని. మొదట విసుక్కొన్నది, తరువాత ఆటగా తీసుకొన్నది. పిడికెడు ఒక్కొక్కరోజు ఒక్కొక్క తూకం వచ్చేది, రుచి మాత్రం మారేది కాదు. కోడలు బ్యాంకు ఉద్యోగి. తప్పుపట్టను, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే మనిషి మెజు ఎప్పుడు చరుస్తుంది? అన్నీ కొనుక్కోవచ్చు కదా అనేది. 2013 డిసెంబరులో కిమ్‌జాంగ్‌ను యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించిందని టీవీలో చెబుతూ ఉంటే హల్మొని, “చేసేవాళ్ళు తగ్గాక గుర్తొచ్చిందా” అన్నది. కోడలు ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం వచ్చి నా పుస్తకం అడిగింది. అది తెలుగులో ఉన్నది. మా అబ్బాయిని మధ్య కూర్చోబెట్టుకొని మూడు ఆదివారాలు గ్రాములన్నీ వారి లిపిలోకి ఎక్కించాము.

2014 మేలో హైదరాబాదు వచ్చాము. ఆ వారమే కాయలు తెప్పించి, గుర్తున్నంత మేరకు ఆవకాయ పెట్టి, మూడోనాడు కలిపేటప్పుడు అమ్మ సీసా మూత తీశాను. నల్లబడింది, ముక్క మెత్తబడింది, నూనె మాత్రం అమ్మదే. అంతా కొత్తదాంట్లో వేశాను. ఉప్పు కొంచెం ఎక్కువైందని మావారన్నారు. ఏటా ఒక గిన్నెడు మిగిల్చి మరుసటి వేసవి దాంట్లో కలుపుతున్నాను. కిమ్‌చీ కూడా పెడుతున్నాను; వరంగల్ చపాటా మిర్చిని గింజ తీసి బరకగా ఆడిస్తే రంగూ ఘాటూ దాదాపు కుదిరాయి.

హల్మొని 2021లో పోయింది. వెళ్ళలేకపోయాను. 2024 డిసెంబరులో జాంగ్ తయారీకి కూడా యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు కోడలు గుర్తుకు వచ్చింది గాని నేను పలకరించలేదు. 2025 ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆమె నుంచే ఫొటో వచ్చింది. అదే వసారా, ఐదు జాడీలు, ఒకదాని మెడకు గడ్డితాడు. కింద ఒక ప్రశ్న: గుడ్డు ఎంత తేలాలి? గ్రాములన్నీ ఎక్కించాము గాని అది ఎక్కించడం మరచిపోయాము. పాత పుస్తకం వెతికి తీశాను. ఆ పుటలో హల్మొని ఐదువందల వొన్‌ల నాణెం పెట్టి, చుట్టూ పెన్సిలు తిప్పిన గుండ్రం ఉన్నది. ఫొటో తీసి పంపాను.