పాత వస్తువుల సంత

హైదరాబాదులో పాత వస్తువుల బేరానికి పేరుపడిన సంతలు రెండున్నాయి. పురానాపూల్ సమీపంలో గురువారం జరిగేదానికి ఆ వారం పేరే స్థిరపడి జుమ్మేరాత్ బజారైంది. ఎర్రగడ్డలో రహదారి పక్కన సాగేది ఆదివారం సంత. సెలవు దినం కావడంతో ఇక్కడికి కొనేవారితో పాటు ఊరక చూసిపోయేవారూ వస్తారు.

నేలపై పరచిన పట్టాల మీద కీ ఇచ్చే గడియారాలు, మూగబోయిన రేడియోలు, తుప్పు పట్టిన పానాలు, ఇత్తడి చెంబులు, చెల్లని నాణేలు కలగలిసి ఉంటాయి. వరుస వెదకడం వృథా. చార్మినారు బొమ్మ చూపి నిజాం కాలపు నాణెమని చెప్పినంత మాత్రాన నమ్మరాదు. నకళ్ళు కూడా అంతే ధీమాగా మెరుస్తాయి. బేరమాడడం ఇక్కడ అమర్యాద కాదు. ఆడకపోతేనే అమ్మేవాడు అనుమానంగా చూస్తాడు.

ఒక ఆదివారం మనుమరాలితో వచ్చిన ఒక వృద్ధుడు ఆ రాశిలో నుండి ఇత్తడి మానికను చేతిలోకి తీసుకున్నాడు. ఇంటర్మీడియట్ చదువుతున్న ఆ అమ్మాయి దానిని పూలకుండీ అనుకొన్నది. ఆమెను నిందించి ప్రయోజనం లేదు. దేశంలో 1958 నుండి మెట్రిక్ తూనికలు, కొలతలు దశలవారీగా అమలులోకి వచ్చాయి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అనే లెక్క అంతకు ముందు ఇంటింటా నోటికి వచ్చేది. కొలపాత్రతో పాటు ఆ మాటలూ అటకెక్కాయి.

"ఇత్తడి తూకం లెక్కనే ఇస్తున్న సార్, పనితనానికి పైసా ఎక్కువ అడగను" అన్నాడు అమ్మేవాడు. అతని దృష్టిలో అది న్యాయమైన ధరే. అమ్మాయి పాత్రను వెలుతురుకు తిప్పగా అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు కనిపించాయి. పాత్రలపై పేరు కొట్టించడం తెలుగు ఇళ్ళలో పాత అలవాటు. ఇంటిపేరు తోముడుకు అరిగిపోయింది. మిగిలినవి 'అమ్మ' అనే రెండక్షరాలు, 1941 అనే అంకె. ఎవరి పెళ్ళికి ఎవరు పెట్టినదో చెప్పేవారు లేరు. త్రాసు ఆ అక్షరాలను లెక్కించదు.

మెరుగు పెట్టించి ఇస్తానని అమ్మేవాడు అనగా వృద్ధుడు వారించాడు. మెరుగు పెడితే ఆ రెండక్షరాలూ పోతాయి. పాత లోహంపై పట్టిన ముదురు ఛాయను సేకర్తలు మురికిగా భావించరు. వయస్సుకు సాక్ష్యంగా ఎంచుతారు.

చట్టం దృష్టిలో మాత్రం ఈ మానిక పురావస్తువు కాదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం అందుకు కనీసం 100 ఏళ్ళు నిండాలి; శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ గల వ్రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. అటువంటి వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపరాదు. గుడి నుండి కదిలి వచ్చిన విగ్రహమేమోనన్న శంక కలిగితే, ఎంత చౌకగా దొరికినా దాని జోలికి పోరాదు. వంటింటి పాత్రకు ఆ రక్షణ లేదు. కొనేవారు లేకపోతే దాని దారి కొలిమికే.

బేరం ఎక్కువసేపు సాగలేదు. అమ్మేవాడు మానికను పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చాడు. మెట్రో స్టేషను మెట్లెక్కుతూ ఆ అమ్మాయి, కుంచానికి ఎన్ని మానికలో తాతను మరొకసారి అడిగింది.