కొబ్బరి తోటకు చుట్టాలమై...

హైదరాబాద్ నుంచి విశాఖకు కారులో వెళ్తున్నారా? విజయవాడ, ఏలూరు, తణుకు దాటి సిద్ధాంతం వంతెన ఎక్కితే కింద వశిష్ఠ గోదావరి. అవతలి ఒడ్డున రావులపాలెం... కోనసీమకు ముఖద్వారం. చాలామంది అక్కడ అరటి గెలలు చూసి, ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుని నేరుగా వెళ్లిపోతారు. తెలిసినవాళ్ల తోట ఉంటే మాత్రం కుడివైపు తిరగాల్సిందే!

మేం తిరిగాం. అంబాజీపేట దగ్గర మా మిత్రుడి తల్లిదండ్రులకు నాలుగెకరాల కొబ్బరి తోట ఉంది. పంట కాలువ మీద చిన్న వంతెన, అది దాటితే పెంకుటిల్లు. కారు ఆగీ ఆగకముందే బొండాలు కొట్టించారు. పొద్దున దిబ్బరొట్టె, చెరకు పానకం. మధ్యాహ్నం పనసపొట్టు కూర. చాలు పిన్నిగారూ అంటే వింటేగా!

తోటలో ఎండ నేలను తాకదు. పైన కొబ్బరి, మధ్యలో అరటి, కోకో, కింద కంద... ఒకే నేలలో మూడంతస్తుల సేద్యం. ఒకదాని ధర పడిపోయినా మరొకటి ఆదుకుంటుందని ఆశ.

ఈ పచ్చదనం తాతల నాటిదనుకుంటాం. కాదు. 1996 నవంబరు 6న కాకినాడ సమీపంలో తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కోనసీమలో తోటలకు తోటలే నేలకూలాయి. ‘తెల్లారి చూస్తే మా అరుగు మీంచి పక్కూరి గుడి కనిపించింది బాబూ’ అన్నారు మిత్రుడి తండ్రి. అంతకుముందు చెట్లు అడ్డం! మర్నాటి ఏడాది మళ్లీ మొక్కలు పెట్టారు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ అరటి మీదే ఇల్లు నడిచింది.

మేం వెళ్లిన మర్నాడు దింపు. రెండు నెలలకోసారి కాయ దించుతారు. నేలలో పాతిన గునపానికి కాయను గుచ్చి ఒక్క తిప్పు తిప్పితే డొక్క ఊడొస్తుంది. చూడ్డానికి తేలికే, మేం ప్రయత్నిస్తే చేతులు బొబ్బలెక్కాయి. ధర వెయ్యి కాయల లెక్కన పలుకుతుంది. అందులో దింపు కూలి, ఒలుపు కూలి, మోత కూలి పోగా మిగిలిందే రైతుది. దీనికితోడు 2016లో మన దేశంలో తొలిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ ఇక్కడికీ వచ్చింది. అది పట్టిన ఆకులు మసి పూసినట్టు నల్లబడతాయి. ఇక చెట్టెక్కేవాళ్లేరీ? ఆ రోజు ఎక్కినవాళ్లంతా యాభై దాటినవాళ్లే. వాళ్ల పిల్లలు గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉన్నారు.

మా మిత్రుడిదీ నగరంలో ఉద్యోగమే. ‘తోట కౌలుకిచ్చేసి నాతో వచ్చేయండి’ అంటాడు. పెద్దాయన మాట మార్చేస్తారు. ఆ రాత్రి మాత్రం అరుగు మీద కూర్చుని మేం అడిగిందానికల్లా జవాబిచ్చారు... ఎకరానికి ఎంత వస్తుంది, ఎంత అప్పుంది, ఏ చెట్టు ఎప్పుడు పెట్టిందీ. కొడుకు గుమ్మం దగ్గర నిలబడి అన్నీ విన్నాడు. అందులో సగం అతనికీ కొత్తే! కన్నకొడుక్కి చెప్పుకోలేని లెక్కలు చుట్టాలకు చెప్పడం తేలికేమో.

అందుకే, స్నేహితుల ఊరు వెళ్తే దింపు రోజు చూసుకుని వెళ్లండి. ఫొటోలు ఎప్పుడైనా తీసుకోవచ్చు. ముందు పెద్దవాళ్ల పక్కన కాసేపు కూర్చోండి. మా మిత్రుడి తోట సంగతి ఇంకా తేలలేదు. వచ్చే దింపుకు మాత్రం అతను సెలవు పెట్టాడు.