అవ్వ పద్దుల పుస్తకం

మా ఇంటికి దినపత్రిక చేరేసరికి ఉదయం ఏడు దాటుతుంది. మొదటి పేజీ మగవాళ్ల పాలు. ఢిల్లీలో ఎవరు ఎవరితో కలిశారు, అమరావతిలో ఎవరు ఎవరిని ఏమన్నారు అనే సంగతులు కాఫీ చల్లారకముందే తేలిపోవాలి. జిల్లా పేజీలు మాత్రం నేరుగా వంటింట్లోకి వస్తాయి. ఫలానా ఊళ్లో వీధి దీపాలు వెలగడం లేదనీ, ఫలానా కాలనీకి వారం రోజులుగా నీళ్లు లేవనీ మూడేసి పంక్తుల వార్తలుంటాయే, మా అవ్వ వాటినే కూడబలుక్కుంటూ చదువుతుంది. మిగతా కాగితం అలమరలో డబ్బాల కింద పరవడానికి పనికొస్తుందంటుంది. మొదటి పేజీ మీద ఆమెకున్న గౌరవం అంతే!

ఆ కూడబలుక్కోవడం వెనుక ఒక చరిత్ర ఉన్నది. మాది నెల్లూరు జిల్లా. 1990లలో మొదట్లో ఇక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం సాగినప్పుడు, పొలం పనులు ముగించుకొని రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లలో మా అవ్వ ఒకతె. అప్పటి వాచకంలో సారా వలన చితికిపోయిన సంసారాన్ని గూర్చిన సీతమ్మ కథ పాఠంగా ఉండేది. ఆ పాఠం చదివిన దూబగుంట స్త్రీలు, అది తమ ఇళ్ల కథే గదా అని, 1992లో సారా కొట్టు మూయించారు. ఊరూరా అదే జరిగింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఇదంతా మీలో పెద్దవారికి తెలిసిందే. అయినా మేము ఎందుకు చెబుతున్నామంటే, కూలి డబ్బులు ఇంటికి రావడం లేదన్న ఒక్క గృహచ్ఛిద్రం చివరకు శాసనసభ దాకా వెళ్లింది. ఇంటి సంగతి వేరు, రాజకీయం వేరు అనేవారికి మేము చూపించే ఉదాహరణ ఇదే.

అక్షరాలు వచ్చిన తరువాత అవ్వ రెండు పనులు చేసింది. వేలిముద్ర మానేసి సంతకం పెట్టింది. పద్దుల పుస్తకం మొదలుపెట్టింది. పాతవి చినిగిపోగా ఇప్పుడు నడిచేది ఎన్నో పుస్తకమో ఆమెకే తెలియాలి. వాటిని తిరగేస్తుంటే మాకు ఒక చిత్రమైన సంగతి కనిపించింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు ఇచ్చిన బియ్యం ధర మధ్యలో పెరిగింది, 2008లో మళ్లీ రెండుకు దిగింది, 2011 నవంబరులో రూపాయి అయింది, 2023 జనవరి నుండి రేషను బియ్యం ఉచితమే. అంటే బియ్యం పద్దు తగ్గుతూ తగ్గుతూ సున్నా అయింది. మునుపు ఏ పుస్తకంలోనూ లేని పద్దు ఒకటి 2016 ప్రాంతంలో కొత్తగా చేరింది. నీళ్లు! తిండిగింజలు ఊరికే వచ్చే కాలంలో, వీధిలో పంచాయతీ కుళాయి ఉండగా, ఇరవై లీటర్ల క్యాను కొనుక్కొని తాగుతున్నాము. కుళాయి నీళ్లు వాసన వస్తాయి, పట్టిన గంటకు బిందె అడుగున మడ్డి పేరుకుంటుంది. మరేం చేయగలము?

2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో ఈ పద్దు మా ఇంట్లో పెద్ద తగవే తెచ్చింది. ఓటుకు వెయ్యి చొప్పున, మా నాలుగు ఓట్లకు నాలుగు వేలు కవరులో పెట్టుకొని ఒకరు వచ్చారు. వారెవరన్నది ఇక్కడ అనవసరం, అవతలి పక్షం కవరు కూడా దారిలోనే ఉన్నది. “ఇచ్చినా తప్పే, తీసుకొన్నా తప్పే, చట్టప్రకారం ఇద్దరికీ ఏడాది దాకా జైలు పడవచ్చును” అని మాలో ఒకరన్నారు. “ఊరంతటినీ జైల్లో పెడతారా ఏం? మనం వద్దంటే ఆ డబ్బు మధ్యవాడు నొక్కేస్తాడు. ఇద్దరి దగ్గరా తీసుకొని ఇష్టమైనవారికి వేద్దాం” అని మా చిన్నవాడు. నిజం చెప్పవద్దూ, ఆ నెలలో ఆ నాలుగు వేలు మాకు చిన్న మొత్తం కాదు. ఎరువుల కొట్టులో బాకీ ఉన్నది.

అవ్వ నీతులేమీ చెప్పలేదు. పుస్తకం తెచ్చి లెక్క వేయమన్నది. రెండు రోజులకొక క్యాను, నెలకు పదిహేను, క్యాను పది రూపాయలు. నెలకు నూట యాభై, ఏడాదికి 1,800, అయిదేళ్లకు 9,000. ఇంటి ముందు కాలువ తీయనందుకు దోమల చుట్టలు నెలకు వంద చొప్పున అయిదేళ్లకు 6,000. “పదిహేను వేలు మన చేత పెట్టించి, నాలుగు వేలు చేతిలో పెడతామంటే ఇదేం బేరం, అబ్బాయా?” అని ఆ వచ్చినాయన్నే అడిగింది. ఆయన నవ్వలేదు. “మీ వీధి పని వచ్చినప్పుడు చూసుకొందాంలే అవ్వా” అని కవరు జేబులో పెట్టుకొని వెళ్లాడు. ఆ మాటతో మేము కొంత భయపడ్డ మాట వాస్తవం. పల్లెటూళ్లో ఇలాంటి మాటకు అర్థం మీకు వేరే చెప్పాలా! నిజంగానే ఆ తరువాత రెండేళ్లు కాలువ పూడిక తీసేవారు మా వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయేవారు. ఇరుగుపొరుగువారు మా వైపు చూసిన చూపు కవరు కంటే బరువుగా ఉండేది.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే, ఎవరూ పిలవనక్కరలేదు. అవ్వ పుస్తకం చంకన పెట్టుకొని వెళ్లింది, వెంట మేమూ వెళ్లాము. ఇది ఉపాధి హామీ పనుల సభ, నీళ్ల సంగతి తరువాత చూద్దామన్నారు. “నీళ్లు కొనడానికే గదయ్యా ఆ కూలి పోతున్నది” అని అవ్వ పద్దు చదవడం మొదలుపెట్టింది. వెనుక కూర్చున్న ఉపాధి కూలీలు, అందరూ ఆడవాళ్లే, తమ ఇళ్ల లెక్కలు కలిపారు. అప్పుడు కార్యదర్శిగారు ఒక సంగతి చెప్పారు. 2021-22 మొదలు 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చే నిధుల్లో నూటికి అరవై వంతులు తాగునీటికీ పారిశుధ్యానికీ మాత్రమే వాడాలట. ఇన్నాళ్లూ మాలో ఎవరికీ ఈ మాట తెలియదు. అవ్వ వేరే ప్రశ్న వేయలేదు. నీళ్ల ట్యాంకు మీద, కడిగిన తేదీ రాసేచోట ఏ తేదీ ఉన్నదో చదివి వినిపించమన్నది. అది ఏడాది పైచిలుకు నాటిది.

పది రోజుల్లో ట్యాంకు కడిగారు, కొత్త తేదీ రాశారు. వాసన పోయింది. కాలువ మా ఇంటి ముందు కూడా తీశారు. కాని కాలువలోనుండి పోయే పాత గొట్టం ఇంకా మార్చలేదు, అందుచేత వానాకాలంలో మళ్లీ క్యానుకే పోతున్నాము. మిగతా నెలల్లో కుళాయి నీళ్లే కాచి వడపోసి తాగుతున్నాము. నీళ్ల పద్దు కింద అవ్వ ఇప్పుడు ఇంకొక గడి గీసింది. అందులో ట్యాంకు కడిగిన తేదీ రాసుకొంటున్నది.